రాష్ట్రం అప్పు ఎంత? గీత ఎక్కడ గీశారో ముందు చూడాలి

2023 డిసెంబర్ 20న తెలంగాణ శాసనసభలో ఉపముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క 42 పేజీల శ్వేతపత్రం పెట్టారు. రాష్ట్రం నెత్తిన రూ.6,71,757 కోట్ల అప్పు ఉందని అందులో తేల్చారు. నాలుగు రోజులు తిరిగేసరికి తెలంగాణ భవన్‌లో కేటీఆర్ ‘స్వేదపత్రం’ విడుదల చేశారు. ఆయన లెక్కలో అప్పు రూ.3,17,015 కోట్లే. మర్నాడు పొద్దున మన గుమ్మంలో పడిన పేపర్ ఏదన్నదాన్ని బట్టి రాష్ట్రం దివాలా తీసినట్టో, దివ్యంగా ఉన్నట్టో తేలిపోయింది.

రెండు అంకెల మధ్య తేడా రూ.3,54,742 కోట్లు. ఇంత తేడా కనిపిస్తే ఎవరో ఒకరు పచ్చి అబద్ధం ఆడుతున్నారనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ తిప్పేసేవాణ్ణే. ఆ వారం మాత్రం ఎందుకో పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. పావుగంటలో లెక్క తేలింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఇద్దరి దగ్గరా ఉన్నవి అవే అంకెలు. గీత ఎక్కడ గీశారన్నదే తేడా.

శ్వేతపత్రంలోని అప్పు నాలుగు కుప్పలుగా ఉంది. మొదటిది బడ్జెట్‌లో కనిపించే అప్పు, ప్రభుత్వ అప్పులకు హద్దు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం పరిధిలోకి వచ్చేది: రూ.3,89,673 కోట్లు. రెండోది కార్పొరేషన్ల పేరు మీద తెచ్చింది. దీనికి ప్రభుత్వం హామీ ఉంది, కిస్తీలు కట్టేదీ ప్రభుత్వమే: రూ.1,27,208 కోట్లు. మూడోదానికి ప్రభుత్వం హామీ ఉన్నా కిస్తీలు ఆ సంస్థలే కట్టుకోవాలి: రూ.95,462 కోట్లు. నాలుగోది ప్రభుత్వం హామీ కూడా లేకుండా ప్రభుత్వ సంస్థలు తెచ్చుకున్నది: రూ.59,414 కోట్లు. నాలుగూ కలిపితే 6,71,757.

ఇప్పుడు మొదటి కుప్ప ఒక్కటే ఉంచి మిగతా మూడూ పక్కన పెట్టండి. అందులోంచి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, 2014-15లో ఉన్న అప్పు రూ.72,658 కోట్లు తీసేయండి. మిగిలేది సరిగ్గా 3,17,015. కేటీఆర్ అంకె అదే. ‘మేం వచ్చాక, బడ్జెట్‌లో చూపించి తెచ్చింది ఇంత’ అని దాని అర్థం. ‘ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి, మొదటి నుంచీ, ఎక్కడెక్కడ బాకీ ఉన్నదీ ఇంత’ అని భట్టి అంకెకు అర్థం. శీర్షికల్లో మాత్రం రెండింటికీ ఒకటే పేరు: రాష్ట్ర అప్పు.

ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ మీద వచ్చే వార్తల్లో అంకె తప్పయ్యేది తక్కువ. దేన్ని లోపల వేశారు, దేన్ని బయట ఉంచారు, ఎప్పట్నుంచి మొదలుపెట్టారు, దేంతో భాగించారు అన్నచోటే అసలు వ్యవహారమంతా నడుస్తుంది. నాయకుణ్ణి బాధ్యుణ్ణి చెయ్యాలన్నా ముందు ఆ గీత దగ్గరే పట్టుకోవాలి.

ఇంటి అప్పు కొడుకు పేరు మీద

రెండో కుప్ప దగ్గర కాస్త ఆగుదాం. గొడవంతా అక్కడే ఉంది.

రాష్ట్రాలు తమ ఇష్టం వచ్చినంత అప్పు తెచ్చుకోలేవు. రాజ్యాంగంలోని 293వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. కేంద్రానికి బాకీ లేని రాష్ట్రం ఎక్కడా లేదు కాబట్టి ఏటా కేంద్రం గీసే గీత లోపలే అందరూ ఉండాలి. మామూలు రోజుల్లో ఆ గీత రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దగ్గర ఉంటుంది.

గీత ఉన్నచోట పక్కదారి పుడుతుంది. ఇంటి పెద్దకు బ్యాంకు ఇక అప్పు ఇవ్వనంటే కొడుకు పేరు మీద తెచ్చి, తాను హామీ సంతకం పెట్టి, కిస్తీలు తన జీతంలోంచి కట్టినట్టు. కాళేశ్వరం కోసం ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టారు. విద్యుత్ రంగానికి అప్పులిచ్చే కేంద్ర సంస్థలు పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీల దగ్గర, బ్యాంకుల దగ్గర దాని పేరు మీద వేల కోట్లు తెచ్చారు. సొంతంగా పైసా రాబడి లేని కార్పొరేషన్ అది. రైతు దగ్గర నీటి తీరువా వసూలు చేసి పదుల వేల కోట్ల బాకీ తీరుస్తుందని అప్పిచ్చినవాడూ నమ్మలేదు, తెచ్చినవాడూ నమ్మలేదు. ఇద్దరూ నమ్మింది ఖజానాను. అలాంటప్పుడు అది ఖజానా అప్పు కాదనడం కాగితం మీద ఒప్పే కానీ ఇంట్లో ఒప్పదు.

ఆంధ్రప్రదేశ్‌ది ఇంకో దారి. 2020లో పెట్టిన రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్, ముందుముందు రాబోయే మద్యం పన్నును చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. ఆ డబ్బు సంక్షేమ పథకాలకు వెళ్లింది. రాష్ట్రానికి వచ్చే రాబడి అంతా ముందు సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాలో పడాలని 266వ అధికరణం చెబుతుంది. ఆ నిధిలో పడకముందే ఓ పన్నును అప్పుకు రాసివ్వొచ్చా అని కేంద్రం లేఖలు రాసి అడిగింది. నిజానికి ఇది పెద్ద ప్రశ్న. శాసనసభకు తెలియకుండా రేపటి పన్నును ఇవాళే ఖర్చు పెట్టేయొచ్చా? మన దగ్గర మాత్రం అది ‘జగన్ అప్పు’, ‘బాబు ఏడుపు’ అనే వాగ్వాదం కింద నలిగిపోయింది.

2022లో కేంద్రం ఈ దారి మూసేసింది. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినా కిస్తీ ఖజానా కడుతుంటే అది రాష్ట్ర అప్పే, ఏటా ఇచ్చే పరిమితిలోంచి కోసేస్తాం అంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణకు కొత్త అప్పులకు అనుమతి ఆగిపోయింది. కేరళ ఇదే తగవు మీద 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టుకు వెళ్తే, 2024 ఏప్రిల్ 1న కోర్టు దాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. కేరళ, తెలంగాణ వాదనలో పస లేకపోలేదు. కేంద్రం కూడా తన సంస్థల పేరు మీద అప్పులు తెచ్చిన చరిత్ర ఉన్నదే, దాని గీత గీసేది ఎవరు? కానీ ఆ వాదన వేరు, ఆ అప్పును రాష్ట్ర ప్రజలకు చూపించకపోవడం వేరు.

మిగతా రెండు కుప్పల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. ధాన్యం కొనడానికి పౌరసరఫరాల సంస్థ తెచ్చే అప్పుకు ఎదురుగా గోదాములో ధాన్యం ఉంటుంది, అమ్మిన డబ్బు వస్తే తీరాలి. విద్యుత్ సంస్థల అప్పుకు ఎదురుగా కరెంటు బిల్లుల వసూళ్లు ఉంటాయి. దీన్నీ రైతుబంధు ఇవ్వడానికి చేసిన అప్పునూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని బీఆర్‌ఎస్ అన్నప్పుడు ఆ మాటలో నిజముంది. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు ఏటా నష్టాల్లో ఉండి, సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం సకాలంలో ఇవ్వకపోతే ఆ నిజం కరిగిపోతుందన్నదీ అంతే నిజం. కాబట్టి ఆ కుప్పల్ని పూర్తిగా లోపల వేసినవాడూ పూర్తిగా బయట పెట్టినవాడూ ఇద్దరూ సగమే చెప్పారు.

పద్నాలుగు, తొమ్మిది ముప్పావు, ఏడున్నర

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల సభల్లో వినిపించిన అంకె 14 లక్షల కోట్లు. గెలిచాక, జులై 26న శాసనసభలో చంద్రబాబు పెట్టిన శ్వేతపత్రంలో అది సుమారు 9.74 లక్షల కోట్లయింది. అదే రోజు జగన్ విలేకరుల సమావేశం పెట్టి, ఏడున్నర లక్షల కోట్లకు మించదన్నారు. 14 నుంచి 9.74కు దిగిన ఆ నాలుగు లక్షల కోట్లు ఏమయ్యాయని వైసీపీ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. అడగాల్సిందే. మైకు ముందు అంకె, సభలో అంకె వేరైనప్పుడు ఆ తేడాకు సంజాయిషీ చెప్పాల్సినవాడు మైకు పట్టుకున్నవాడే.

ఆ 9.74లో నాకు పనికొచ్చినట్టు అనిపించిన వరుస మరొకటుంది. అది ఎవరి దగ్గరా తెచ్చిన అప్పు కాదు. కాంట్రాక్టర్లకు, సరఫరాదారులకు చెల్లించాల్సిన బిల్లులు లక్షా 13 వేల కోట్లు, ఉద్యోగులకు ఇవ్వాల్సినవి దాదాపు 22 వేల కోట్లు అని చూపించారు. తెలంగాణ శ్వేతపత్రం చెప్పిన నాలుగు కుప్పల్లో ఇలాంటి కుప్ప లేదు. అంటే రెండు రాష్ట్రాల ‘మొత్తం అప్పు’ను పక్కపక్కన పెట్టి పట్టిక వేసిన ప్రతి పత్రికా జామకాయల్నీ మామిడికాయల్నీ ఒకే తక్కెడలో తూచింది.

ఈ పెండింగ్ బిల్లు ఎలాంటిదో చూడాలంటే ఊళ్లో సీసీ రోడ్డు వేసిన చిన్న కాంట్రాక్టర్ను చూడాలి. పని అయింది, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కొలతలు తీసి కొలతల పుస్తకం ఎం-బుక్కులో రాశాడు, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కింది. ఆ తర్వాత ఇద్దరు కాంట్రాక్టర్లు టీ కొట్టు దగ్గర కలిస్తే మొదట అడుక్కునే మాట ‘టోకెన్ పడిందా?’ అని. టోకెన్ నంబర్ అంటే వరసలో నిలబడ్డావని, అంతే. డబ్బు ఎప్పుడన్నది ఆర్థిక శాఖ దయ. ఈలోగా అతను సిమెంటు కొట్టుకు నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతుంటాడు. రాష్ట్రం చెయ్యాల్సిన అప్పును రాష్ట్రం బదులు అతను చేశాడన్నమాట, అదీ రాష్ట్రానికి దొరికే వడ్డీకి మూడింతలు ఎక్కువకి. ఈ అప్పు ఏ ఆర్‌బీఐ పుస్తకంలోనూ ఉండదు. లోటు తక్కువగా కనిపించిన ఏడాది ‘ఆర్థిక క్రమశిక్షణ’ అని రాసే ముందు ఎవరైనా టోకెన్ల వరస ఎంత పొడుగుందో చూసి రాస్తే బాగుండును.

ఉద్యోగుల డీఏ బకాయిలు, సరెండర్ లీవు డబ్బులు, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ బిల్లులు, అన్నీ ఈ వరసలోనివే. పార్టీ మారినా వరస మారలేదు.

మంగళవారం వార్త

తెలుగు పత్రికల్లో క్యాలెండర్ ప్రకారం వచ్చే వార్త ఒకటుంది: ‘మళ్లీ అప్పు’. రాష్ట్రాల బాండ్లను రిజర్వ్ బ్యాంక్ వేలం వేసేది మామూలుగా మంగళవారాల్లో. ఏ రాష్ట్రం ఎంత తెస్తోంది, ఎన్నేళ్లకు, ఎంత వడ్డీకి అన్నది రిజర్వ్ బ్యాంకే ప్రకటిస్తుంది. రహస్యమేమీ లేదు. అదే ప్రకటనలో పక్క వరుసల్లో తమిళనాడు, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ కూడా ఉంటాయి. అవి వార్త కావు.

అప్పు తేవడం తప్పేం కాదు. తెచ్చింది పాత అప్పు తీర్చడానికా, జీతాలకా, కాలువకా అన్నది అసలు విషయం. రెవెన్యూ లోటు ఉన్న రాష్ట్రమంటే రోజువారీ ఖర్చుకే రాబడి చాలక అప్పు తెచ్చుకుంటోందని అర్థం. ద్రవ్య లోటు అంటే మొత్తం మీద ఎంత అప్పు కావాలో చెప్పేది. శీర్షికలో ఎక్కువ కనిపించేది రెండోది, ఎక్కువ భయపడాల్సింది మొదటిది. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పదే పదే చెప్పే లెక్క ప్రకారం నెలకు రూ.18,500 కోట్ల ఆదాయం, జీతాలు పింఛన్లకు 6,500, అప్పులు వడ్డీలకు 6,500. మిగిలిన అయిదు వేల పైచిలుకులో పథకాలన్నీ నడవాలి. ఈ మాట చెప్పగానే రాష్ట్రం పరువు తీశాడని ఒక పక్క, ధైర్యంగా నిజం చెప్పాడని ఇంకో పక్క రాశారు. అంత తెలిసీ ఎన్నికల ముందు హామీల పట్టిక ఎందుకు అంత పొడుగు పెట్టారన్న ప్రశ్న రెండు పక్కల్లోనూ సన్నగానే వినబడింది. బడ్జెట్‌లో కనిపించే అప్పెంతో ఎన్నికల ముందే అందరికీ తెలుసు. శ్వేతపత్రం దాకా ఆగాల్సిన పని లేదు.

కేంద్రం ఇచ్చే డబ్బు వార్తల్లోనూ ఇదే తికమక. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో అమరావతికి 15 వేల కోట్లు అన్నారు. ‘కేంద్రం వరం’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి. ప్రసంగంలో ఉన్న మాట బహుపాక్షిక ఆర్థిక సంస్థల ద్వారా ఏర్పాటు చేస్తామని. అంటే ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ)ల అప్పు. ఆ ఏడాది డిసెంబర్‌లో అవి చెరి దాదాపు 80 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. మూలధన వ్యయానికి కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని సాయమూ అంతే. వడ్డీ లేకపోయినా అది అప్పే. దాన్ని ‘కేంద్ర నిధులు’ అని ఒకరు, ‘కేంద్రం పైసా ఇవ్వలేదు’ అని ఇంకొకరు రాస్తారు.

పక్క జిల్లాకు ఐదో వంతు

అప్పు అంకెల్లో పైన ఉండే సంఖ్య గొడవైతే, వృద్ధి అంకెల్లో కింద ఉండే, అంటే దేంతో భాగించి పోల్చారన్న సంఖ్య గొడవ.

2024-25లో ఆంధ్రప్రదేశ్ వృద్ధి 12.02 శాతమని ఒకరు రాశారు, 8.21 శాతమని ఇంకొకరు. రెండూ ప్రభుత్వ గణాంకాలే. మొదటిదాంట్లో ధరల పెరుగుదల కలిసి ఉంది, రెండోదాంట్లో తీసేశారు. వరి దిగుబడి అంతే ఉండి ధర పెరిగితే మొదటి అంకె పెరుగుతుంది, రెండోది కదలదు. పాలకపక్షం ఎప్పుడూ మొదటిదే చెబుతుంది, ఎవరున్నా. తలసరి ఆదాయం గురించి గొప్పగా చెప్పేవన్నీ కూడా ధరలు కలిసిన అంకెలే.

ఆ తలసరిని దగ్గర్నుంచి చూద్దాం. 2023-24లో తెలంగాణ తలసరి ఆదాయం రూ.3,47,299, దేశ సగటు కంటే రూ.1,64,063 ఎక్కువ. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ వాక్యాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. 2024 జులైలో బడ్జెట్ ప్రసంగం చేస్తూ భట్టి విక్రమార్క ఆ సగటును విడదీసి చూపించారు. రంగారెడ్డి జిల్లా తలసరి రూ.9,46,862, వికారాబాద్‌ది రూ.1,80,241. ఒకప్పుడు వికారాబాద్ కూడా రంగారెడ్డి జిల్లాలోదే, 2016లో విడిపోయింది. రెండింటికీ మధ్య ఒక సరిహద్దు రాయి దూరం, ఆదాయంలో అయిదు రెట్ల దూరం.

అలాగని రంగారెడ్డిలో ప్రతి మనిషీ ఏడాదికి తొమ్మిదిన్నర లక్షలు సంపాదిస్తున్నాడని కాదు. గచ్చిబౌలి, శేరిలింగంపల్లి పేరుకు హైదరాబాద్ అయినా రెవెన్యూ లెక్కలో రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఐటీ కంపెనీల అద్దాల మేడల్లో తయారైన విలువంతా ఆ జిల్లా పద్దులో పడుతుంది. ఆ మేడల్లో పనిచేసేవాడు పక్క జిల్లాలోని కూకట్‌పల్లిలో ఉండొచ్చు, లాభం అమెరికాలో తేలొచ్చు. భాగహారం మాత్రం జిల్లా జనాభాతోనే. ఆమన్‌గల్ వైపు పత్తి రైతుకు తన తలసరి ఆదాయం తొమ్మిదిన్నర లక్షలని చెబితే నవ్వుతాడు, లేదా తిడతాడు.

ఈ లెక్కకు కత్తికి రెండు వైపులా పదునే. తలసరి ఎక్కువ చూపించుకున్న రాష్ట్రానికి కేంద్ర పన్నుల వాటా తగ్గుతుంది. ఆర్థిక సంఘం పంపకంలో పేదరాష్ట్రానికి ఎక్కువ ఇచ్చే సూత్రం ఉంది కదా. 14వ ఆర్థిక సంఘంలో తెలంగాణ వాటా 2.437 శాతం, 15వ దాంట్లో 2.102 శాతం. ఆంధ్రప్రదేశ్‌ది 4.305 నుంచి 4.047కు దిగింది. తలసరిలో మేమే ముందని పొద్దున ప్రకటన ఇచ్చి, కేంద్రం అన్యాయం చేసిందని సాయంత్రం ప్రకటన ఇస్తే, రెండోదానికి కారణంలో కొంత మొదటిదే. కొంతే సుమా. రాష్ట్రాలకు 41 శాతం అంటున్నా సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపకంలోకి రావు కాబట్టి చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. అక్కడ ఫిర్యాదు న్యాయమైనదే.

సంతకాల పండగ

పెట్టుబడుల వార్త గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2017 జనవరిలో విశాఖ సదస్సులో 665 ఒప్పందాలు, పదిన్నర లక్షల కోట్లు. 2023 మార్చిలో అదే విశాఖలో 13 లక్షల కోట్లు. 2025 నవంబర్‌లో మళ్లీ విశాఖ, మళ్లీ 13 లక్షల కోట్ల పైమాటే. 2022-23లో ఆంధ్రప్రదేశ్ మొత్తం ఉత్పత్తే దాదాపు 13 లక్షల కోట్లు. రెండు రోజుల్లో రాష్ట్రం ఏడాది సంపాదనంత పెట్టుబడి సంతకమైపోయిందంటే, సంతకం ఎంత తేలికో అర్థమవుతుంది. అవగాహన ఒప్పందానికి చట్టప్రకారం ఎవరూ కట్టుబడి ఉండరు.

నిజంగా వచ్చిన పెట్టుబడి ఎలా ఉంటుందో చూడాలంటే పెనుకొండ పక్కన కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 జనవరిలో చంద్రబాబు ముందు ప్రయోగాత్మకంగా మొదటి కారు, ఆ ఏడాది డిసెంబర్ 5న జగన్ చేతుల మీదుగా ప్రారంభోత్సవం. మధ్యలో ఓ ఎన్నిక. రెండు పత్రికల్లో రెండు ఘనతలు. ఇంకో రెండు నెలలకు, 2020 ఫిబ్రవరిలో, కియా తమిళనాడుకు తరలిపోయే ఆలోచనలో ఉందని ఒక అంతర్జాతీయ వార్తా సంస్థ రాసింది. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది. ఆ వారమంతా తరలిపోతుందని కొందరు, కుట్ర అని కొందరు రాశారు. ఫ్యాక్టరీ అక్కడే ఉంది. ఆ ఒక్క కంపెనీ కథలోనే మూడు సంగతులు తేలిపోయాయి: విత్తిన చెయ్యి, కోసిన చెయ్యి ఒకటి కానక్కర్లేదు. ఒప్పందానికీ ఉత్పత్తికీ మధ్య కనీసం రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లలో వచ్చే వార్తల్లో చాలావాటికి ఫ్యాక్టరీతో పనే లేదు.

మరి ఎవరిది బాధ్యత?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. దేశంలో రొయ్య సాగులో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే, అమ్ముడయ్యేది ఎక్కువగా అమెరికాకే. భీమవరం, కైకలూరు చెరువుగట్ల మీద ‘వంద కౌంట్ ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు ఆ వారంలోనే దిగజారింది. వంద కౌంట్ అంటే కిలోకు వంద తూగే రొయ్య, ధర మాట్లాడుకోవడానికి అక్కడ అదే కొలత. రేటు పడగానే ‘ఆక్వా రైతును ముంచిన ప్రభుత్వం’ అని శీర్షిక పడింది. రేటు పెరిగిన రోజున ‘ఆక్వాకు మంచి రోజులు’ అని పడినట్టే.

వాషింగ్టన్‌లో వేసిన సుంకానికి అమరావతిలో ఎవరూ బాధ్యులు కారు. కానీ యూనిట్ రూపాయిన్నరకు కరెంటు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని ఎకరాల దాకా ఇవ్వాలి అన్నది పూర్తిగా రాష్ట్ర నిర్ణయం. మేత కంపెనీలు, కొనుగోలుదారులు కలిసి రేటు కడుతున్నారన్న ఫిర్యాదు మీద ఏం చేశారన్నదీ రాష్ట్రం పనే. ఒకే మార్కెట్ మీద ఆధారపడ్డ పంటను ప్రోత్సహిస్తూ ప్రోత్సహిస్తూ ఇన్నేళ్లు వేరే మార్కెట్ వెతక్కపోవడంలో రెండు పార్టీల పాలనకూ వాటా ఉంది. రేటు గురించి నిలదీస్తే మంత్రి తప్పించుకుంటాడు, తప్పించుకునే హక్కు కూడా ఉంది. కరెంటు జీవో గురించి నిలదీస్తే తప్పించుకోలేడు. అది ఆయన శాఖ సంతకం.

సంతకం అన్నది నాకు పనికొచ్చిన కొలబద్ద. కోవిడ్ ఏడాదిలోనూ ఆ తర్వాతా, విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామని కేంద్రం మెలిక పెట్టింది. వ్యవసాయ మోటార్లకు మీటర్లు అందులో భాగం. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంతో మొదలుపెట్టి మీటర్లకు సిద్ధమైంది. తెలంగాణలో కేసీఆర్ ససేమిరా అన్నారు, దానివల్ల రాష్ట్రం వేల కోట్ల అప్పు అవకాశం వదులుకుందని తానే చెప్పుకున్నారు. ఇక్కడ రెండు నిర్ణయాలు, ఇద్దరు ముఖ్యమంత్రులు, రెండు ఫలితాలు. ఎవరు ఒప్పో పాఠకుడు తేల్చుకోవచ్చు, కానీ ఎవరి నిర్ణయమో తేల్చడానికి గొడవే లేదు. ఇలాంటి స్పష్టత మన వార్తల్లో అరుదు. దాన్ని కూడా ‘రైతు మెడకు ఉరితాడు’, ‘సంస్కరణల్లో ఆదర్శం’ అనే రెండు ముక్కల్లో తేల్చేశారు.

2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు. 1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అని ప్రభుత్వం చెప్పింది. ఒక శీర్షికలో 99 పైసలు, మరో శీర్షికలో 12 వేల ఉద్యోగాలు. అన్ని ఉద్యోగాలు రాకపోతే భూమి వెనక్కి తీసుకునే షరతు ఉందా, ఎన్నేళ్లలో, ఎవరు లెక్కపెడతారు? కేబినెట్ ఆమోదించినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. అయిదేళ్ల తర్వాత అడిగితే అప్పటి ముఖ్యమంత్రి వేరొకరు కావచ్చు.

ఆలస్యం ఖరీదు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో కనిపిస్తుంది. కాళేశ్వరం మీద కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరి 15న సభ ముందుకు వచ్చింది. కేంద్ర జల సంఘానికి రూ.81,911 కోట్లని చెప్పిన ప్రాజెక్టు ఖర్చు రూ.1,47,427 కోట్లు దాటేలా ఉందని, రూపాయి పెడితే 52 పైసల ప్రయోజనమే వస్తుందని అందులో ఉంది. అప్పటికి ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి నాలుగు నెలలు, ఎన్నిక అయిపోయి రెండున్నర నెలలు. 151వ అధికరణం నివేదికను సభ ముందు పెట్టాలంటుంది, ఎన్నాళ్లలోపు అన్నది చెప్పదు. తనకు నచ్చని నివేదికను సమావేశాల చివరి రోజు మధ్యాహ్నం బల్ల మీద పెట్టడం అన్ని పార్టీలకూ వచ్చిన విద్య. మర్నాటి పేపర్లో అది సభ వాయిదా వార్త కింద చిన్న పెట్టెలో వస్తుంది.

కాగ్ దాకా ఆగనక్కర్లేని దారీ ఉంది. బడ్జెట్ రోజున ఎమ్మెల్యేలకు, విలేకరులకు సంచి నిండా పుస్తకాలు ఇస్తారు. కెమెరాలన్నీ ఆర్థిక మంత్రి గుడికి వెళ్లి బడ్జెట్ ప్రతికి పూజ చేయించడం మీద ఉంటాయి. ఆ సంచిలో ప్రభుత్వం ఏ కార్పొరేషన్‌కు ఎంత హామీ ఇచ్చిందో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. రెండో కుప్ప మొదలయ్యేది అక్కడే. కాళేశ్వరం కార్పొరేషన్ పేరు అందులో మొదటిసారి ఎక్కిన రోజున దాన్ని తెరిచి ‘దీని కిస్తీ ఎవరు కడతారు?’ అని ఒక్కరు సభలో లేచి అడిగి ఉంటే, 1,27,208 కోట్లలో ఎంతో కొంత 2023 దాకా ఆగకుండా అప్పుడే శీర్షిక అయ్యేది.